బెల్టు కన్వేయర్ నమూనా: మూలపడిన మొదటిది, పనికొచ్చిన రెండోది

ముడిసరుకు మోసే ఒక పెద్ద కర్మాగారంలో మెయింటెనెన్స్ శిక్షణ కోసం నేను రెండు నమూనాలు కట్టాను. మొదటిది చూడ్డానికి ముచ్చటగా ఉండేది, పనికి రాలేదు. రెండోది చూడ్డానికి మోటుగా ఉంటుంది, ఇప్పటికీ రోజూ నడుస్తోంది. రెంటికీ మధ్య ఏం జరిగిందో రాస్తున్నాను. సంస్థనీ మనుషుల్నీ గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. అసలు కన్వేయర్ కొలతల్ని కొద్దిగా సర్దాను, నిష్పత్తులను మాత్రం చెడగొట్టలేదు.

నేపథ్యం

అక్కడున్న కన్వేయర్లలో మాకు తలనొప్పిగా మారింది ఒకటి. బెల్టు వెడల్పు 1200 మి.మీ., మందం 12 మి.మీ. ఐడ్లర్ అంటే బెల్టును కింద నుంచి మోసే రోలర్ల చట్రం. సరుకు మోసే వైపు ఒక్కో ఐడ్లర్‌కు మూడు రోలర్లు, పక్క రోలర్లు 35 డిగ్రీల వాలులో ఉంటాయి. సరుకు దిగే చివర ఉండే హెడ్ పుల్లీ నుంచి సరుకు ఎక్కే చివర ఉండే టెయిల్ పుల్లీకి 180 మీటర్లు. వేగం సెకనుకు 2.5 మీటర్లు. బిగువు కోసం వేలాడే కౌంటర్ వెయిట్.

కొత్తగా చేరిన ఫిట్టర్లకు పంపు, గేర్‌బాక్స్ నేర్పడం కష్టం కాదు. వర్క్‌షాప్‌లో బల్ల మీద పెట్టి విప్పిస్తాం, మళ్లీ బిగింపిస్తాం. బెల్టు ట్రాకింగ్, అంటే బెల్టును పక్కకు పోకుండా మధ్యలో నడపడం, అలా కుదరదు. బెల్టు పక్కకు పోతోందని తెలిసేది నడుస్తున్నప్పుడే. నడుస్తోందంటే ఉత్పత్తి జరుగుతోందని అర్థం, ట్రైనీ చేతికి స్పానర్ ఎవరూ ఇవ్వరు. షట్‌డౌన్‌లో స్పానర్ ఇస్తారు, కానీ అప్పుడు బెల్టు కదలదు. ముట్టుకోనిచ్చినప్పుడు కనిపించదు, కనిపించినప్పుడు ముట్టుకోనివ్వరు. ఇలా ఏళ్లు గడిచాయి.

అసలు సమస్య

నన్ను పిలిచేనాటికి ఆ బెల్టు ఒక పక్క అంచు ఫ్రేమ్‌కు రాసుకుని పోగులు లేస్తోంది. కింద సరుకు కుప్పలు పడుతోంది. 'ట్రైనింగ్ సరిపోవడం లేదు, ఇంకో రెండు క్లాసులు పెట్టండి' అన్నారు. క్లాసు పెట్టే ముందు లైను ఒకసారి చూద్దామని, రిటైర్మెంట్‌కు దగ్గరపడిన ఒక సీనియర్ ఫిట్టర్‌ను వెంటపెట్టుకుని బెల్టు పొడవునా నడిచాను. ఒక్కో ఐడ్లర్ ఒక్కో దిక్కు చూస్తోంది. ఎవరు తిప్పారని అడిగాను.

"సగం నేను తిప్పినవే సార్. మిగతా సగం, నేను తిప్పినవాటిని సరిచేయడానికి తర్వాత షిఫ్టు వాళ్లు తిప్పినవి."

మర్నాడు ట్రైనీలకు కాగితం మీద చిన్న పరీక్ష పెట్టాను. బెల్టు ఒక పక్కకు పోతుంటే ఐడ్లర్‌ను ఎటు జరపాలి? అందరూ సరిగ్గానే రాశారు: ఏ పక్కకు పోతోందో ఆ పక్క చివరను బెల్టు పోయే దిశలో ముందుకు జరపాలి. రోలర్‌లో ఏ చివర బెల్టుకు ముందుగా తగిలితే బెల్టు అటు మొగ్గుతుంది కాబట్టి, రెండో చివరను ముందు తగిలేలా చేస్తున్నామన్నమాట. కారణం కూడా రాసినవాళ్లున్నారు. అదే మనుషుల్ని లైను దగ్గర రిటర్న్ వైపు, అంటే బెల్టు కింద నుంచి ఖాళీగా తిరిగొచ్చే వైపు, నిలబెట్టి అదే ప్రశ్న అడిగితే, సగం మంది చేతులు తప్పు దిక్కు చూపించాయి. రిటర్న్ వైపు బెల్టు వెనక్కి నడుస్తుందని తెలియక కాదు, తల పైకెత్తి చూస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి.

కాబట్టి లోటు చదువులో లేదు, చేతిలో ఉంది. ఇంకో క్లాసు పెట్టి లాభం లేదని అక్కడే తేల్చుకున్నాను. కంప్యూటర్ మీద చూపించే పద్ధతిని పక్కన పెట్టింది కూడా అందుకే, మౌసుతో ఐడ్లర్ తిప్పినవాడికి బోల్టు బిగువు తెలియదు. పాత కన్వేయర్ ముక్కనే తెచ్చి షెడ్డులో పెడదామన్నారు కొందరు. అంత వెడల్పు బెల్టును పొట్టి ఫ్రేమ్ మీద నడిపితే అది అసలుదానిలా ప్రవర్తించదు, పైగా చెయ్యి పడితే అసలు దానంత ప్రమాదం. మిగిలింది నమూనా.

మొదటి ప్రయత్నం

నిష్పత్తి 1:10 పెట్టుకున్నాను. కారణం చెప్పడానికి సిగ్గుగానే ఉంది: ఆ సైజయితే బల్ల మీద పడుతుంది, తలుపులోంచి పడుతుంది, అందరికీ చూపించవచ్చు. బెల్టు 120 మి.మీ., రోలర్లు 15 మి.మీ. బ్రాకెట్లు త్రీడీ ప్రింటర్‌లో తీశాం. ఫ్రేమ్‌కు అసలు రంగే వేశాం. నడక దారి, చేతి రెయిలింగ్, ఆపదలో లాగితే బెల్టును ఆపే పుల్ కార్డ్ వైరు కూడా పెట్టాం. మేనేజర్లు వచ్చి ఫొటోలు దిగారు.

స్విచ్ వేశాక తెలిసింది. బెల్టు ఐడ్లర్ల ఒళ్లో కూర్చోలేదు. పక్క రోలర్ల అంచుల మీద పలకలా నిలబడింది, మధ్య రోలర్‌కు తగలనే లేదు. ఐడ్లర్‌ను ఎంత తిప్పినా బెల్టుకు పట్టింపు లేదు, ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా జారి పక్కకు పడిపోయింది. ఇంకో వింత, బెల్టు నడుస్తోంది గాని రోలర్లలో చాలావరకు తిరగడం లేదు. బెల్టు వాటి మీద జారుకుంటూ పోతోంది. తిరగని రోలర్ బెల్టును దారిలో పెట్టలేదు.

రెండు జబ్బులకూ మూలం ఒకటే. అన్ని కొలతలూ పదో వంతు చేస్తే బరువు వెయ్యో వంతుకు పడిపోతుంది. బిరుసు అంతగా పడిపోదు. లెక్క వేసి చూస్తే, తన బరువుకు తాను కుంగే గుణం అసలు బెల్టులో ఉన్నదానికి పదో వంతే మిగులుతుంది, అదీ మందం సరిగ్గా 1.2 మి.మీ. ఉంటే. మాకు దొరికింది 2 మి.మీ. పీవీసీ బెల్టు. కుంగుదల మందం వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి ఆ పదో వంతులోనూ మూడో వంతే దక్కింది. రోలర్లదీ అదే కథ. బేరింగులకు రెండు పక్కలా రబ్బరు సీళ్లు, లోపల చిక్కటి గ్రీజు. అసలు కన్వేయర్‌లో ఆ రాపిడిని బెల్టు బరువు లెక్కచేయదు. ఇక్కడ బెల్టు బరువు గుప్పెడు, రాపిడి మాత్రం అంతగా తగ్గలేదు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. జంతువు పెద్దదయ్యే కొద్దీ ఎముక ఇంకా ఎక్కువ లావెక్కాలని గెలీలియో 1638లోనే బొమ్మ వేసి మరీ చూపించాడు. చదువుకున్నదే. రంగు డబ్బా చేతిలో ఉన్నప్పుడు గుర్తు రాలేదు.

ఆ నమూనా ఇప్పుడు ఆఫీసు వరండాలో అద్దాల పెట్టెలో ఉంది. బాగుంటుంది.

రెండోసారి: ముందు లోపాలు, తర్వాత గీతలు

ఈసారి బొమ్మ గీయకుండా, ట్రైనీ ఏ లోపాల్ని పట్టుకోగలగాలో ఒక కాగితం మీద రాశాను. మోసే వైపు ఐడ్లర్ వంకర. రిటర్న్ రోలర్ వంకర. టెయిల్ పుల్లీ చతురంగా, అంటే బెల్టు నడకకు లంబకోణంలో, లేకపోవడం. బెల్టు జాయింటు వంకర. పుల్లీకి ఒక పక్క సరుకు అంటుకుపోవడం. సరుకు బెల్టు మధ్యలో పడకపోవడం. ఆరే. ఈ ఆరింటినీ నేను కావాలనుకున్నప్పుడు పుట్టించగలగాలి, అసలు కన్వేయర్‌లో లాగే అవి కనిపించాలి. ఈ పనికి రాని కొలత ఏదైనా సరే, స్కేలుకు ఉండనక్కర్లేదు. రెయిలింగూ నడక దారీ అక్కడే ఎగిరిపోయాయి.

నిష్పత్తి 1:4కు మార్చాను. బెల్టు 300 మి.మీ., రోలర్లు 38 మి.మీ. బెల్టు కుంగుదల అసలుదానిలాగే రావాలంటే, అదే సరుకుతో చేసిన బెల్టయితే, పొడవు నాలుగో వంతు అయినప్పుడు మందం ఎనిమిదో వంతు కావాలి. 12లో ఎనిమిదో వంతు 1.5 మి.మీ. ఒకే పొర గుడ్డ ఉన్న పల్చటి రబ్బరు బెల్టు ఆ మందంలో దొరికింది. అయితే లెక్కను నమ్మి మొత్తం కొనేయలేదు. ముందు ఒక్క ఐడ్లర్ మాత్రం చేయించి, మీటరు బెల్టు ముక్క దాని మీద ఉత్తినే పరిచి చూశాం. అసలు కన్వేయర్లకు బెల్టు ఎంచుకునేటప్పుడు చూసేదీ ఇదే: ఖాళీ బెల్టు మధ్య రోలర్‌ను తాకాలి. తాకింది. కింద కాగితం ముక్క పెట్టి లాగితే పట్టుకుంది కూడా. మొదటిసారి ఈ పరీక్ష చేసి ఉంటే ఆ అద్దాల పెట్టె అవసరం ఉండేది కాదు.

బేరింగులు రబ్బరు సీలు లేని, రేకు మూత ఉన్నవి తీసుకున్నాం. వాటిలో గ్రీజు కూడా కడిగేసి రెండు చుక్కల పల్చటి నూనె వేశాం. అలాంటివి వందకు పైగా ఉన్నాయి, రెండు రోజులు చేతులు కిరోసిన్ వాసనే. వేలితో తిప్పి వదిలితే రోలర్ తనంతట తాను నాలుగు చుట్లు తిరగాలి, లేదంటే వెనక్కి. ఇలాంటి బేరింగు దుమ్ములో ఎక్కువ కాలం ఉండదని తెలుసు. షెడ్డులో నడిచే నమూనాకు ఆ బెంగ లేదు.

పొడవు విషయంలో స్కేలును పూర్తిగా వదిలేశాను. 180 మీటర్లలో నాలుగో వంతు 45 మీటర్లు, అంత షెడ్డు లేదు. అలాగని మరీ కురచ చేస్తే రెండు చివర్లలోని పుల్లీలదే పెత్తనమవుతుంది, మధ్యలో ఐడ్లర్ తిప్పినా తేడా కనపడదు. పొట్టి కన్వేయర్లు ట్రాకింగ్‌లో మొండికేయడానికి కారణం ఇదే. తాత్కాలిక ఫ్రేమ్ మీద పొడవు పెంచుకుంటూ పోయి, ఒక్క ఐడ్లర్‌ను వంకర చేస్తే బెల్టు అంచు కదలడం కంటికి స్పష్టంగా ఆనిన చోట ఆగాం. అది 6 మీటర్లు. ఐడ్లర్ల ఎడం స్కేలుకే, 300 మి.మీ. ఉంచాం.

బోల్టుల దగ్గర సీనియర్ ఫిట్టర్‌తో వాదన అయింది. అసలు ఐడ్లర్‌కు ఎం16 బోల్టు, అంటే 16 మి.మీ. లావుది, 24 మి.మీ. స్పానర్. స్కేలు ప్రకారం ఎం4 పెట్టాలి. "ఎం4 బోల్టు తిప్పడానికి గడియారాలు బాగుచేసేవాణ్ణి పిలవండి" అన్నాడు. ఆయనదే న్యాయం. యంత్రం నాలుగో వంతు అయింది గాని దాన్ని తిప్పే చెయ్యి కాలేదు. ఎం8 వేసి, 13 స్పానర్‌కు సరిపోయేలా చేశాం. ఐడ్లర్ పాదానికి పొడుగు రంధ్రం, పక్కనే మిల్లీమీటర్ల గీతలు. అసలు దానికి గీతలుండవు. ఇక్కడ పెట్టింది ట్రైనీ కోసం కాదు, నేను పెట్టిన లోపాన్ని మళ్లీ అంతే పెట్టగలగడానికి. తర్వాత ఆ గీతల మీద టేపు అంటించాం, పిల్లలు బెల్టును చూడకుండా గీతల్నే చూసి సున్నాకు తెస్తున్నారని తేలాక.

బెల్టులు రెండు చేయించాం. రెంటికీ క్లిప్పుల జాయింటే, పిన్ను లాగితే ఊడి వస్తుంది. ఒకదాని జాయింటు చతురంగా ఉంటుంది. రెండోదానిలో 300 మి.మీ. వెడల్పుకు 3 మి.మీ. తేడా ఉంచి కోశాం, అంటే అసలు బెల్టులో 12 మి.మీ. వంకరకు సమానం. కంటికి తెలియదు, బెల్టుకు తెలుస్తుంది.

తప్పిన చోట్లు

కట్టిన వెంటనే అంతా కుదిరిందని అనుకుంటారేమో. లేదు. మొదటి నెలలో మూడు చోట్ల దెబ్బతిన్నాం.

పుల్లీలు తిప్పించేటప్పుడు అలవాటు కొద్దీ వాటికి క్రౌన్ పెట్టించాను, అంటే మధ్యలో కొంచెం ఉబ్బు. ఉబ్బిన వైపుకు బెల్టు ఎగబాకుతుంది కాబట్టి మధ్యలోనే నిలుస్తుంది. ఎంత బాగా నిలిచిందంటే, లోపం పెట్టినా బెల్టు పక్కకు పోలేదు. మంచి కన్వేయర్ కట్టాను, చెడ్డ నమూనా కట్టాను. లేత్ మీద పెట్టి ఉబ్బు తీసేయించాల్సి వచ్చింది.

రెండోది టేకప్, అంటే బెల్టుకు బిగువు తెచ్చే ఏర్పాటు. కౌంటర్ వెయిట్‌కు చోటెక్కడని, టెయిల్ పుల్లీకి రెండు పక్కలా స్క్రూలు పెట్టి బిగువు తెచ్చాం. వారం తిరక్కుండా ట్రైనీలంతా ఒక చిట్కా కనిపెట్టారు: ఏ లోపమైనా సరే, టెయిల్ స్క్రూ ఒక పక్క అరచుట్టు తిప్పితే బెల్టు మధ్యలోకి వచ్చేస్తుంది. స్టీరింగ్‌లా వాడేశారు. తప్పు వాళ్లది కాదు, నేనిచ్చిన యంత్రంలో అదే తేలిక దారి. అసలు కన్వేయర్‌లో ఆ స్క్రూ లేదు. పైగా పుల్లీలను ముందు చతురం చేసి బిగించి, ఇక వాటి జోలికి పోకూడదన్నది మొదటి పాఠం. ఫ్రేమ్ కింద గుంత తవ్వించి, రిటర్న్ బెల్టును కిందికి మలిపి బరువు వేలాడదీశాం. టెయిల్ పుల్లీ బేరింగులను మూలమట్టం, మూల కొలతలు చూసుకుని బిగించేశాం. వాటిని కదిపే హక్కు నాకు మాత్రమే, అదీ లోపం పెట్టడానికి.

మూడోది నేను అస్సలు ఊహించలేదు. నమూనా మీద బాగా చేసిన ఇద్దరు ట్రైనీలను సీనియర్‌తో పాటు లైనుకు పంపాం. సాయంత్రం ఆయన ఫోన్: "సార్, వీళ్లు ఆగడం లేదు. ఒకటి తిప్పుతారు, నిమిషం చూస్తారు, ఇంకోటి తిప్పుతారు." నమూనా చుట్టు పొడవు 13 మీటర్లకు కొంచెం తక్కువ. సెకనుకు 0.8 మీటర్ల వేగంతో నడుపుతున్నాం, అంటే 16 సెకన్లకో చుట్టు. తిప్పిన ఫలితం నిమిషంలో కనిపిస్తుంది. అసలు కన్వేయర్‌లో ఒక్క చుట్టుకే రెండున్నర నిమిషాలు, బెల్టు కుదుటపడటానికి రెండు మూడు చుట్లు కావాలి. నేను కొలతలన్నీ చూసుకున్నాను, సమయాన్ని మరిచిపోయాను. నా నమూనా వాళ్లకు ట్రాకింగ్‌తో పాటు తొందరపాటు కూడా నేర్పింది. ఆ లైను మీద ఒక్కో ఐడ్లర్ ఒక్కో దిక్కు ఎందుకు చూస్తోందో అప్పుడు పూర్తిగా అర్థమైంది. వెనకటి ఫిట్టర్లకు తెలియనిది దిశ కాదు, ఆగడం.

వేగాన్ని సెకనుకు 0.1 మీటరుకు దించాం. మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్‌లో ఫ్రీక్వెన్సీ తగ్గించి అంత నెమ్మదిగా నడిపితే మోటారు ఫ్యాన్ కూడా నెమ్మదించి మోటారు వేడెక్కుతుంది, అందుకని గేర్‌బాక్సే మార్చాం. ఇప్పుడు చుట్టుకు రెండు నిమిషాల పైమాటే. జాయింటు మీద తెల్ల పెయింటుతో గుర్తు వేశాం. రూలు: ఒకసారి తిప్పాక, ఆ తెల్ల గుర్తు మూడుసార్లు ఎదురుగా వచ్చిపోయే దాకా స్పానర్ బల్ల మీదే ఉండాలి. ఆరేడు నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడటం కుర్రాళ్లకు ఎంత కష్టమో చూడాలి. ఒకడైతే స్పానర్‌ను జేబులో పెట్టుకుని తీసి, మళ్లీ పెట్టుకుని, చివరికి నా చేతికిచ్చేశాడు.

గుడ్డ ముక్క

గార్డుల గురించి కూడా చెప్పాలి. ట్రయల్ రోజుల్లో, చిన్న మోటారే కదా అని టెయిల్ పుల్లీ దగ్గర రేకు పెట్టలేదు. ఒక ట్రైనీ రిటర్న్ బెల్టు మీద ధూళి తుడుస్తున్నాడు. బెల్టుకూ పుల్లీకీ మధ్యలోకి గుడ్డ కొస దూరింది. చప్పుడేమీ కాలేదు. చేతిలోంచి గుడ్డ నిదానంగా, ఎవరో లాక్కుంటున్నట్టు వెళ్లిపోయింది. అతను ఖాళీ చేతిని చూసుకుంటూ నిలబడ్డాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ మధ్యాహ్నమే నమూనా ఆపేశాం.

స్కేలు తగ్గితే ప్రమాదం అదే నిష్పత్తిలో తగ్గదు, వేలు అంతే ఉంటుంది కదా. అన్ని చోట్లా పారదర్శకమైన గార్డులు పెట్టాం, తెరిస్తే మోటారు ఆగిపోయేలా స్విచ్‌లు పెట్టాం. ఐడ్లర్ తిప్పాలంటే బెల్టు ఆపాలి, మెయిన్ స్విచ్‌కు ఎవరి తాళం వాళ్లు వేయాలి, కౌంటర్ వెయిట్ కింద దిమ్మ పెట్టాలి, తిప్పాలి, అన్నీ తీసి మళ్లీ నడిపి చూడాలి. సీనియర్ ఒప్పుకోలేదు. నడుస్తుండగానే సుత్తితో తట్టి సరిచేయడం ఆయన తరం పద్ధతి. "ఇలా చేస్తే రోజంతా పడుతుంది సార్." పట్టనీ అన్నాను. ఒక్కసారి తిప్పడానికి ఇంత తతంగం ఉన్నప్పుడు మనిషి తిప్పే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. భద్రత కోసం పెట్టిన రూలు రోగ నిర్ధారణకు కూడా పనికొచ్చింది. ఇది నేను ముందే అనుకుని చేసింది కాదు.

పనిచేసిన పద్ధతి

ట్రైనీలు ఇద్దరిద్దరు. వాళ్లు రాకముందే నేను ఒక లోపం పెడతాను. మొదటి 20 నిమిషాలు స్పానర్ ముట్టకూడదు. చేతిలో సుద్దముక్క, కాగితం. ప్రతి ఐడ్లర్ దగ్గర బెల్టు అంచు ఎంత పక్కకుందో రాయాలి. బెల్టును నాలుగు భాగాలుగా 1, 2, 3, 4 అని నంబర్లు వేశాం, ఏ నంబరు వచ్చినప్పుడు పక్కకు పోతోందో అదీ రాయాలి. ఈ కాగితం ఒక్క ప్రశ్నకు జవాబివ్వాలి: బెల్టంతా ఒకే చోట పక్కకు పోతోందా, లేక బెల్టులో ఒకే ముక్క అన్ని చోట్లా పక్కకు పోతోందా? ఒకే చోటయితే తప్పు ఫ్రేమ్‌లోనో రోలర్లలోనో ఉంది, అదీ ఎక్కువగా పక్కకు కనిపించిన చోట కాదు, బెల్టు వచ్చే వైపు కొంచెం వెనక. ఒకే ముక్కయితే తప్పు బెల్టులో ఉంది, ఐడ్లర్లను తిప్పితే పాపం. ఖాళీగా సరిగ్గా నడిచి, సరుకు పడగానే పక్కకు పోతే సరుకు పడే చోటు చూడాలి. బరువు ఎక్కువున్న పక్క గుంట మధ్యలోకి జారాలని చూస్తుంది, దాంతో బరువు తక్కువున్న అంచు బయటికి వస్తుంది. సరుకు కోసం మొదట ఇసుక వాడి బేరింగులు పాడు చేసుకున్నాం. ఇప్పుడు కడిగి ఆరబెట్టిన సన్న కంకర వాడుతున్నాం.

కారణం కాగితం మీద రాసి సంతకం పెట్టాకే స్పానర్. బెల్టు మధ్యలోకి రావడంతో పాస్ అయినట్టు కాదు.

ఈ చివరి మాట ఎందుకో ఒక జంట నాకు నేర్పింది. ఆరోజు టెయిల్ పుల్లీ మీద ఒక పక్క ఎనిమిది చుట్లు టేపు వేశాను, సరుకు అంటుకుపోయినట్టు. గార్డులోంచి వంగి చూస్తే కనిపిస్తుంది. వాళ్లు వంగలేదు. టెయిల్ దాటగానే బెల్టు అటు పోతోందని సరిగ్గానే పట్టుకున్నారు, తర్వాతి మూడు ఐడ్లర్లను కొద్దికొద్దిగా తిప్పారు. తెల్ల గుర్తు మూడుసార్లు వచ్చేదాకా ఆగారు. పద్ధతంతా పద్ధతిగానే ఉంది.

"మధ్యలోకొచ్చింది సార్."

"కారణం?"

"ఐడ్లర్లు వంకరగా ఉన్నాయి సార్."

"తిప్పకముందు వంకరగా ఉన్నాయా?"

జవాబు లేదు. బెల్టు ఆపించాను, తాళాలు వేయించాను. గార్డు తీసి, శుభ్రం చేసేవాళ్లు వచ్చారనుకోండి అంటూ టేపు ఊడబెరికాను. మళ్లీ నడిపితే బెల్టు రెండో పక్కకు పోయి ఫ్రేమ్‌కు రాసుకోవడం మొదలైంది. ఇద్దరిలో చిన్నవాడు కాసేపు ఆ శబ్దం విని, "ఇప్పుడు లైను మీద ఎన్ని ఇలా ఉన్నాయి సార్?" అని అడిగాడు. ఆ సాయంత్రం సీనియర్ ఫిట్టర్ నా దగ్గరికొచ్చి, రేపటి లోపం తాను పెడతానన్నాడు. అంతవరకు ఆయనకిది బొమ్మే. అప్పటినుంచి లోపాలు పెట్టే పని ఆయనదే, నాకంటే దుర్మార్గంగా పెడతాడు. ఒకే రోజు రెండు పెట్టి, ఒకటి రెండోదాన్ని కప్పేసేలా చేయడం ఆయన ప్రత్యేకత.

లైను మీద

తర్వాతి షట్‌డౌన్‌లో ట్రైనీలు చేసిన మొదటి పని స్పానర్ పట్టడం కాదు, తీగ లాగడం. హెడ్ నుంచి టెయిల్ దాకా నడిమి గీత పట్టి, అన్ని ఐడ్లర్లనూ మళ్లీ చతురంగా నిలబెట్టారు. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పేరుకున్న సర్దుబాట్లన్నీ చెరిపేశారు. దీనికే మూడు రోజులు పట్టింది. మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి గుండె పట్టుకున్నాడు: ఇప్పటిదాకా ఏదోలా నడుస్తున్నది కూడా చెడిపోతుందేమోనని టెన్షన్. ఆ భయం అర్థం లేనిది కాదు, ఖాళీ బెల్టు స్టార్ట్ చేసినప్పుడు రెండు చోట్ల పక్కకు పోయింది కూడా. కానీ ఇప్పుడు ఆ రెండు చోట్లకూ కారణాలు వెతకవచ్చు. ఒకచోట తిరగని రిటర్న్ రోలర్, ఇంకోచోట కుంగిన ఫ్రేమ్ కాలు.

మేం తప్పింది సరుకు పోశాక. ఖాళీగా సరిగ్గా నడిచిన బెల్టు లోడు మీద మళ్లీ ఎడమకు పోయింది. ఖాళీగా బాగుండి లోడుతో పోతే ఎక్కడ చూడాలో ట్రైనీలకు తెలుసు, నోటికి వచ్చు. అయినా పూటంతా ఐడ్లర్ల దగ్గరే వెతికారు. చివరికి షూట్, అంటే సరుకు బెల్టు మీదికి జారే తొట్టి, తలుపు తెరిస్తే లోపల ఒక పక్క అరుగుదల తట్టుకోవడానికి వేసే లైనర్ పలక అరిగి ఊడి, సరుకంతా కుడి పక్కకు పడుతోంది.

ఎందుకు అటు చూడలేదని అడిగితే ఒకతను నిజాయితీగా చెప్పాడు: నమూనా మీద సరుకు పోసే హాపర్ తెరిచే ఉంటుంది సార్, సరుకు పక్కకు పడితే దూరం నుంచే కనిపించేది, ఎప్పుడూ వెతకాల్సి రాలేదు. లోపాలు ఆరు రాసుకున్నాను గాని, ఏ లోపం ఎక్కడ దాక్కుంటుందో రాసుకోలేదు.

పోయిన వారం హాపర్ చుట్టూ ప్లైవుడ్ పెట్టె కట్టాం. లోపల ఒక పలక అటూ ఇటూ తిరుగుతుంది, ఏ పక్కకు తిప్పి ఉందో తలుపు తెరిస్తేనే తెలుస్తుంది. తలుపుకు స్విచ్, తాళం రెండూ ఉన్నాయి. తాళంచెవి సీనియర్ ఫిట్టర్ జేబులో ఉంది, అడిగినవాళ్లకు ఇస్తాడు. సోమవారం కొత్త బ్యాచ్ వస్తోంది, ఎంతమంది అడుగుతారో చూడాలి.